డిసెంబరులో అరకు, పాడేరు, లంబసింగి: మూడు రోజుల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కృష్ణఒడ్డు (నవంబరు 16, రాత్రి)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. డిసెంబరు మూడో వారంలో మూడు రోజులు సెలవు దొరికింది. అమ్మ, మా వారు, ఇద్దరు పిల్లలు, నేను వెళ్దామనుకుంటున్నాం. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడు రెండో తరగతి. సముద్రం, గుళ్లు చాలా చూశాం కానీ కొండల్లోకి ఎప్పుడూ వెళ్లలేదు.

నేను రాసుకున్న ప్లాన్ ఇది. మొదటి రోజు విశాఖ నుంచి రైల్లో బొర్రా గుహలు, కటికి జలపాతం, సాయంత్రానికి అరకు, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం. రెండో రోజు తెల్లవారుజామున వంజంగి, తర్వాత చాపరాయి, రాత్రికి లంబసింగి. మూడో రోజు పొగమంచు చూసుకుని తాజంగి రిజర్వాయర్, కొత్తపల్లి జలపాతం, అక్కడి నుంచి విశాఖకు వచ్చి రాత్రి రైలు. ఇందులో ఏమైనా మార్చాలా? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

బండిగార్డు (నవంబరు 17, ఉదయం)

అమ్మా, ప్లాన్ చదువుతుంటేనే ఆయాసం వచ్చింది. ఆ కొండల్లో కిలోమీటర్లు లెక్క కాదు, మలుపులు లెక్క. అరకు నుంచి లంబసింగికి దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. మన వైపు హైవే మీద అది గంటన్నర ప్రయాణం. అక్కడ మూడు గంటల పైనే పడుతుంది, పైగా పిల్లలకు వాంతులు. మూడు రోజుల్లో మీరు చూసేది ఎక్కువగా కారు అద్దమే అవుతుంది.

నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. కొత్తవలస–కిరండూల్ లైనులో చాలా ఏళ్లు తిరిగాను కాబట్టి రైలు గురించి చెబుతాను. రైలెక్కాలన్న మీ ఆలోచన మాత్రం బంగారం లాంటిది, దాన్ని మార్చకండి. ఉదయం ఏడు లోపు విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజరు పదకొండు ప్రాంతంలో అరకులో దింపుతుంది. 2017 నుంచి అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, నడుస్తోంది. సీట్లు త్వరగా అయిపోతాయి, ఇవాళే చూసుకోండి. దొరక్కపోయినా బాధపడొద్దు. మామూలు పెట్టెలో కిటికీ తీసుకుని కూర్చుంటే కొండ గాలి ముఖానికి తగులుతుంది. అద్దాల పెట్టెలో అది దొరకదు.

ఆ లైను యాత్రికుల కోసం వేసింది కాదమ్మా. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప రాయి విశాఖ పోర్టుకు దిగి, అక్కడి నుంచి ఓడల్లో జపానుకు వెళ్లాలి. అందుకని 1960ల్లో జపాన్ సహకారంతో వేశారు. సొరంగాలు 58, వంతెనలు 84 అని మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా గడగడా చెప్పేవాడు. ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేవరకు పొలాలే. బొడ్డవర దాటాక ఇంజను గొంతు మారుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రాడ్ గేజ్‌లో అంత ఎత్తున్న స్టేషను మరోటి లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం.

ఏ వైపు కూర్చోవాలని అందరూ అడుగుతారు. ఘాట్‌లో లోయ ఒకసారి ఇటు, ఒకసారి అటు వస్తుంది. పిల్లల్ని చెరో వైపు కూర్చోబెట్టండి, ఎవరికి కనిపిస్తే వాళ్లు రెండోవాళ్లను పిలుచుకుంటారు. మధ్యలో ఏదో ఒక చిన్న స్టేషనులో మీ బండి ఆగిపోయి, ఎదురుగా ఓర్, అదే ఆ ఇనుప రాయి, నింపుకున్న గూడ్సు దిగుతూ కనిపిస్తుంది. విసుక్కోవద్దు. ఎన్ని వందల టన్నుల బరువును బ్రేకుల మీద పట్టుకుని మెల్లగా కిందికి దించుతున్నారో పిల్లలకు చూపించండి. చక్రాల దగ్గర కాలిన ఇనుము వాసన వస్తుంది. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

రెండుచక్రాలు (నవంబరు 17, ఉదయం)

బండిగార్డు గారితో ఒక్క చోట విభేదిస్తాను. డిసెంబరులో వెళ్లి లంబసింగి వదిలేస్తే ఎలా? ఆంధ్రా కశ్మీర్ అంటారు దాన్ని. గడ్డి మీద మంచు బిందువులు గట్టిపడి తెల్లగా మెరవడం నేను కళ్లారా చూశాను. అక్కడివాళ్లు ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడట, అందుకని ఆ పేరు. చెరువులవేనం వ్యూ పాయింట్ ఎక్కితే లోయ నిండా మబ్బు. రాత్రి టెంటులో ఉండి, తెల్లవారి నాలుగున్నరకు లేచి వెళ్లాలి, అంతే.

కృష్ణఒడ్డు (నవంబరు 17, మధ్యాహ్నం)

అమ్మను టెంటులో పడుకోబెట్టలేను తమ్ముడూ. కానీ ఆ మబ్బుల సముద్రం చూడాలని అందరికంటే ఎక్కువ ఆశపడుతున్నది అమ్మే. వంజంగి వీడియోలు పదే పదే చూస్తోంది. కొండ ఎక్కాలంటున్నారు కదా, కారు ఎంతవరకు వెళ్తుంది?

మబ్బుచూపు (నవంబరు 17, సాయంత్రం)

వంజంగి పాడేరు నుంచి పది కిలోమీటర్ల లోపే. కారు కొంతవరకే వెళ్తుంది, ఆ పైన రాళ్లు తేలిన కాలిబాట. పడుచువాళ్లకు గంట లోపు నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దనే చెబుతాను. ఎక్కడం ఎలాగోలా ఎక్కుతారు, మంచుకు తడిసిన రాళ్ల మీద దిగడమే కష్టం. అరకు దగ్గర మాడగడ వ్యూ పాయింట్ ఉంది. వంజంగితో పోలిస్తే అక్కడ నడక తక్కువ. మబ్బు కూడా బాగానే పడుతుంది. అమ్మగారి కోసం అదే ఎంచుకోండి.

మబ్బు ఏ రోజు పడుతుందో ముందు రోజు రాత్రే కొంత ఊహించవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉండి, చుక్కలు బాగా కనిపిస్తూ, గాలి ఆడకుండా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. అలాంటి రాత్రి నేలలోని వేడి అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, కొండ వాలు మీదుగా జారి లోయలో చేరుతుంది. అందులోని తేమే మబ్బుగా మారుతుంది. అప్పుడు లోయ అడుగున చలి, పైన కొంచెం వెచ్చదనం. చల్లగాలి మీద ఆ వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది కాబట్టి మబ్బు పైకి లేవలేక లోయలోనే నిలిచిపోతుంది. మనం ఆ మూతకు పైన నిలబడి చూస్తున్నామన్నమాట. ఎండ తగిలి నేల వేడెక్కేసరికి మూత తెరుచుకుంటుంది, మబ్బు చిన్న చిన్న ముక్కలై లేచిపోతుంది. ఎనిమిది తర్వాత వెళ్లి ఏమీ కనిపించలేదనేవాళ్లు అందుకే అంతమంది. రాత్రి ఆకాశం మూసుకుని ఉంటే మర్నాడు పిల్లల్ని హాయిగా పడుకోనివ్వండి.

చలి మాత్రం నిజం. పేపర్లో చలి వార్త వస్తే లంబసింగి, మినుములూరు, చింతపల్లి పేర్లే ముందుంటాయి. చెవులు కప్పే టోపీ అందరికీ ఉండాలి.

ఏజెన్సీ_టీచర్ (నవంబరు 17, రాత్రి)

నేను డుంబ్రిగుడ మండలంలో కొన్నేళ్లు పనిచేశాను. చాపరాయి మీ ప్లాన్‌లో ఉంది కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలోనే ఉంటుంది, చూడడానికి చాలా బాగుంటుంది. పెద్ద చాప పరిచినట్టు బండ, దాని మీద గెడ్డ నీళ్లు పలచగా జారుతూ ఉంటాయి. మోకాలి లోతు కూడా లేదు కదా అని పిల్లల్ని వదిలేస్తారు. ఆ బండ మీద పాచి ఉంటుంది. జారితే నీళ్లు మనిషిని సర్రున కిందికి తోసుకుపోతాయి, దిగువన గుండాలున్నాయి. అక్కడ ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. పై భాగంలో ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకోండి, చాలు. చెప్పులతో బండ మీద నడవొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

కటికికి బొర్రా నుంచి జీపులో వెళ్లి, మళ్లీ నడవాలి. ఆ జీపు దారి అమ్మగారి నడుం పట్టేస్తుంది. వదిలేయండి.

బొర్రా మాత్రం వదలొద్దు. మెట్లున్నాయి, కానీ లోపలికి దిగిన మొదటి పెద్ద హాలు చూసినా కడుపు నిండుతుంది. అమ్మగారు కొన్ని మెట్లు దిగి అక్కడ ఆగిపోవచ్చు. లోపలంతా సున్నపురాయి. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కి, ఆ రాయిని కరిగిస్తూ లోపలికి దిగుతుంది. కప్పు నుంచి బొట్టు వేలాడినప్పుడు ఆ కరిగిన సున్నం రవ్వంత అక్కడే మిగులుతుంది, కింద పడిన చోట ఇంకో రవ్వ మిగులుతుంది. పైనుంచి ఒక ఊడ, కింది నుంచి ఒక స్తంభం వేల ఏళ్లు పెరుగుతూ వస్తాయి. మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక ఊడ కొసను చూపించి, బొట్టు పడేదాకా మాట్లాడకుండా నిలబడమన్నాను. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. బొట్టు లావెక్కింది, వణికింది, పడింది. అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కరు కూడా రాతిని ముట్టుకోలేదు. మన చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పట్టదని చెప్పాను. మీ పిల్లలకూ చెప్పండి.

ఆవు ఒకటి పైనున్న రంధ్రంలోంచి లోపల పడిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందని అక్కడి కథ. గుహ గుండా పారే నది పేరు గోస్తని, ఆవు పొదుగు అని అర్థం. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నదే కింద తాటిపూడి రిజర్వాయరును నింపుతుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ కొళాయిల్లో వచ్చే తాటిపూడి నీళ్లు ఈ కొండ నీళ్లే.

కాఫీపూత (నవంబరు 18, ఉదయం)

నమస్తే. మాది పాడేరు దగ్గర ఊరు. మేం కొండదొరలం. నాన్నకు కాఫీ తోట ఉంది, నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ పండగలకు, పండు కోతకు ఇంటికి వెళ్తుంటాను.

ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. కొండలు, జలపాతాలు, మబ్బులు అన్నీ వచ్చాయి, మనుషులు ఒక్క మ్యూజియం పేరులో మాత్రమే వచ్చారు. కోపంతో అనడం లేదు అక్కా. మ్యూజియం తప్పకుండా చూడండి. మట్టి గోడల మధ్య మా పనిముట్లు, నగలు, పెళ్లి తంతు, సంత అన్నీ బొమ్మలతో చూపించారు. గదబ ఆడవాళ్లు ఒకప్పుడు చెట్టు నారతో నేసుకున్న కెరాంగు బట్ట గురించి పిల్లలకు చెప్పండి. కానీ ఆ బొమ్మలు చూసి బయటికి వచ్చాక, రోడ్డు పక్కన సెల్ ఫోనులో మాట్లాడుతూ వెళ్తున్న అమ్మాయీ ఆ బొమ్మల మనవరాలే అని కూడా చెప్పండి. కొండదొర, భగత, కోటియా, పొర్జా, గదబ, కోదు, వాల్మీకి, ఇలా ఎన్నో తెగలవాళ్లం ఇక్కడ ఉన్నాం. సంతలో మేమంతా మాట్లాడుకునేది ఎక్కువగా ఆదివాసీ ఒడియా. తెలుగు ఎలాగూ ఉంది. మీరు మాట్లాడితే మేం మాట్లాడతాం.

మా ధింసా నాట్యం గురించి. రిసార్టుల్లో రాత్రి పూట అరగంట ఆడిస్తారు, చూడండి, అది కూడా కొందరికి కూలి. అయితే మీ చేతిలో ప్లేటు పెట్టుకుని చూడొద్దు, లేచి వాళ్లతో కలవండి. మా ఊళ్లో పెళ్లిళ్లకు, చైత్ర మాసంలో ఇటుకల పండగకు, కొత్త పంట తినే కొత్తల పండగకు ఆడతాం. పక్కామె వీపు వెనక నుంచి చెయ్యి వేసి అవతలి ఆమెను పట్టుకుంటాం. వరసంతా గొలుసులా బిగుస్తుంది. తుడుము, డప్పు, కిరిడి మోగుతుంటే ఆ గొలుసు పాములా మెలికలు తిరుగుతుంది. మొదటి ఆమె ఎటు వంగితే చివరి ఆమె అటు వంగాలి. చిన్నప్పుడు నన్ను వరస చివర కట్టేవాళ్లు. చివర ఉన్నవాళ్లు అందరికంటే ఎక్కువ పరుగెత్తాలి, అడుగు తప్పితే వరసంతా తెలిసిపోతుంది. మా పెద్దమ్మ తల తిప్పకుండానే నా అడుగు తప్పిందని కనిపెట్టేది.

ఎవరైనా ఏప్రిల్‌లో వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇటుకల పండగ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు, పిల్లలు బండ్లు ఆపుతారు. భయపడొద్దు, అది పండగ ఆనవాయితీ. తోచింది ఇచ్చి నవ్వుతూ వెళ్లండి.

ఇక నా మనవి రెండే. మనిషిని ఫోటో తీసే ముందు అడగండి. వలిసె చేలలోకి దిగి ఫోటోలు తీసుకోవాలంటే రైతును అడగండి. ఆ పసుపు పూలు మీకు బ్యాక్‌గ్రౌండ్, మాకు నూనె గింజ. మీరు వచ్చే మూడో వారానికి చాలా చేలు పూత అయిపోయి గింజ పట్టే దశలో ఉంటాయి, తొక్కితే అంతా పోతుంది.

కృష్ణఒడ్డు (నవంబరు 18, రాత్రి)

చెల్లీ, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ప్లాన్‌లో ఒక్క మనిషి కూడా లేడన్నది నిజమే. మా అమ్మాయికి చదివి వినిపించాను, వరస చివర పరుగెత్తే చోటు రెండుసార్లు చదివించుకుంది.

మీ తోట చూడొచ్చా అని అడగడానికి మొహమాటంగా ఉంది. లేదంటే దారిలో ఏ తోట చూడాలో చెప్పు.

పాతపుటలు (నవంబరు 19, ఉదయం)

లంబసింగి వెళ్లేవాళ్ల కోసం ఒక సంగతి. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళ్లే దారి ఉంది కదా, 1920ల్లో ఆ కొండల్లో రోడ్లు వేయించడానికి తెల్లవాళ్ల ప్రభుత్వం గిరిజనుల చేత వెట్టి చాకిరీ చేయించింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి డబ్బులు సరిగా ఇవ్వకుండా వేధించాడు. అంతకుముందే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అడవిలో తిరిగే హక్కును కట్టడి చేసింది. ఈ రెండు మంటల మధ్యే అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటం లేచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు తీసుకుని, తీసుకున్నవాటికి లెక్క రాసిపెట్టి మరీ వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మన్యం వీరుల చేతిలో చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

రాజు పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు కూడా పిల్లలకు చెప్పండి. మల్లుదొర స్వాతంత్ర్యం వచ్చాక మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు రాజు పేరే పెట్టారు.

లంబసింగి వెళ్లాలంటే ఈ వైపు నుంచి, నర్సీపట్నం మీదుగా వేరే ప్రయాణంగా వెళ్లండి. నర్సీపట్నం నుంచి ఓ 30 కిలోమీటర్లు, అంతే. అరకుతో ముడిపెట్టడం వల్లే రెండూ చెడుతున్నాయి.

రెండుచక్రాలు (నవంబరు 19, మధ్యాహ్నం)

ఇది ఒప్పుకుంటాను. నేను బైకు మీద ఒక్కడిని వెళ్లేవాడిని కాబట్టి రెండూ కలిపేశాను. పిల్లలు, పెద్దవాళ్లతో అయితే పాతపుటలు గారి మాటే సరి. అక్కా, లంబసింగి వచ్చే ఏడాదికి పెట్టుకోండి. చింతపల్లి, లంబసింగి, కృష్ణదేవిపేట కలిపి రెండు రోజులు చాలు.

ఓపిక ఉన్న కుర్రాళ్లు అరకు దాటి ఒడిశాలోకి కూడా వెళ్లొచ్చు. కోరాపుట్ జిల్లాలో దేవమాలి 1672 మీటర్ల కొండ, పైదాకా రోడ్డుంది. మాచ్‌ఖండ్ నది మీద డుడుమ జలపాతం ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. కోరాపుట్‌లో జగన్నాథుడి గుడి పక్కనే గిరిజన మ్యూజియం కూడా ఉంది.

కాఫీపూత (నవంబరు 19, రాత్రి)

అక్కా, మీరు అరకులో ఒక రాత్రి, పాడేరులో ఒక రాత్రి ఉండండి. మూడో రోజు మా తోటకు రండి, నాన్నకు చెప్పాను. డిసెంబరు పండు కోత కాలం, మీరే కోయొచ్చు. తర్వాత పాడేరు ఘాట్ దిగి చోడవరం మీదుగా విశాఖ వెళ్లిపోవచ్చు, వెనక్కి అరకు రానక్కర్లేదు. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర అన్ని బండ్లూ ఆగుతాయి. అది మా మోదకొండమ్మ తల్లి చోటు. మే నెలలో పాడేరులో తల్లి జాతర, అప్పుడు మీకు బస దొరకదు కానీ నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన రోజులవి.

తోట చూడడానికి కుదరనివాళ్లు అనంతగిరి దాటాక సుంకరిమెట్ట దగ్గర తోటల్లో నడవొచ్చు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియం తీగ, ఆ నీడలో కాఫీ. పోడుకు బదులుగా మావాళ్లు ఈ పంటకు మళ్లారు, అందుకే కొండ మీద నీడ మిగిలింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ, జీసీసీ, మా దగ్గర కొంటుంది. వాళ్ల దుకాణంలో కాఫీ పొడి, తేనె కొంటే ఆ డబ్బులో కొంత కొండ మీదికి వస్తుంది.

కృష్ణఒడ్డు (డిసెంబరు 24, రాత్రి)

వచ్చేశాం. అందరికీ చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

అద్దాల పెట్టె దొరకలేదు. మామూలు పెట్టెలో, బండిగార్డు గారు చెప్పినట్టు పిల్లల్ని చెరో వైపు కూర్చోబెట్టాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఒకటే కేక. మావాడు ముప్పై నాలుగు వరకు లెక్కపెట్టి నిద్రపోయాడు. చిమిడిపల్లిలో ఓర్ బండి ఎదురొచ్చింది. కాలిన ఇనుము వాసన అంటే ఏమిటో తెలిసిందండీ.

బొర్రాలో దిగాం. అమ్మ పాతిక మెట్లు దిగి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి పైకి చూసింది. ఇక దిగలేనంది. మా వారు అమ్మతో ఉండిపోయారు, నేను పిల్లలతో లోపలికి వెళ్లాను. బొట్టు పడడం చూశాం టీచర్ గారూ. మాకు రెండు నిమిషాలు పట్టింది. పైకి వచ్చేసరికి అమ్మ బయట దుకాణంలో పిప్పళ్లు కొనుక్కుని సంతోషంగా కూర్చుంది. పిల్లల దగ్గుకు కషాయం కాచడానికి ఇంత తాజావి మన ఊళ్లో దొరకవట. అమ్మిన ఆమె, అమ్మ కలిసి ఏ జబ్బుకు ఏ వేరు అని అరగంట మాట్లాడుకున్నారట.

రెండో రోజు మాడగడ వెళ్లాం. ముందు రోజు రాత్రి చుక్కలు చూశాం, మబ్బుచూపు గారూ, మీరు చెప్పినట్టే స్పష్టంగా ఉన్నాయి. ఆరు గంటలకు లోయ పాలగిన్నెలా ఉంది. కొండ శిఖరాలు మాత్రం తేలుతున్నాయి. అమ్మ శాలువా తల మీదికి లాక్కుని, ఒక్క ఫోటో కూడా తీయనివ్వకుండా, ఎండ వచ్చేదాకా అలా చూస్తూనే ఉంది. ఆ తర్వాత మ్యూజియం, పద్మాపురం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది అని తెలిసి మా వారు ఆశ్చర్యపోయారు. చాపరాయిలో ఒడ్డునే కూర్చున్నాం. బండ మీద పరుగెత్తుతున్న కాలేజీ పిల్లల్ని చూసి నాకు గుండె ఆగినంత పనైంది, మా వారు వెళ్లి వాళ్లకు చెప్పి వచ్చారు.

ఒక్క చేదు అనుభవం. ముందే డబ్బు కట్టిన ఒక బసలో గది ఇవ్వలేమని రాత్రి ఎనిమిదికి చెప్పారు. చలిలో అమ్మతో రోడ్డు మీద నిలబడ్డాం. డిసెంబరులో వెళ్లేవాళ్లు ముందు రోజు ఫోన్ చేసి గది ఖాయమో కాదో అడిగి తీరాలి. అరగంట తిరిగాక వేరే చోట దొరికింది.

మూడో రోజు తోట. చెల్లీ, మీ నాన్నగారు ఎర్రటి పండు ఒకటి కోసి మా అమ్మాయి అరచేతిలో పెట్టి నొక్కమన్నారు. తొక్క చిట్లి, రెండు గింజలు ముఖాముఖి అతుక్కుని జారాయి. పైన జిగురు. నాకి చూడమన్నారు, తియ్యగా ఉంది. కాఫీ తియ్యగా ఉండడం ఏమిటని దానికి ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పుడు ఆయన ఒక కొమ్మ వంచి, కోసేటప్పుడు తొడిమ దగ్గర కణుపు చీలకూడదని, వచ్చే ఏడాది పూత ఆ కణుపుల దగ్గరే వస్తుందని చూపించారు. మేం అందరం కలిసి గంటసేపు కోస్తే బుట్ట అడుగు కూడా నిండలేదు. పక్క వరసలో మీ పెద్దమ్మ గారు మాతో మాట్లాడుతూనే రెండు బుట్టలు నింపేశారు. మధ్యాహ్నం మీ అమ్మగారు చోడి అంబలి, రాజ్మా కూర పెట్టారు. అమ్మ అంబలి రెండోసారి అడిగి పోయించుకుంది. మా వైపు రాగులంటాం, వాళ్లు చోళ్లంటారని తెలిసి మా అమ్మమ్మ కూడా చోళ్లనే అనేదని గుర్తు చేసుకుంది.

సాయంత్రం మా అమ్మాయి అడగకుండానే మీ పెద్దమ్మ గారు దాన్ని లేపి, ఊళ్లో పిల్లలతో వరసలో నిలబెట్టారు. డప్పు లేదు, ఎవరో డబ్బా మీద వాయించారు. చివరే పెట్టారు. పరుగెత్తింది.

మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పు.

బండిగార్డు (డిసెంబరు 25, ఉదయం)

ముప్పై నాలుగు వరకు లెక్కపెట్టినవాడికి నా తరఫున ముద్దు అమ్మా. మీరు చూసిన అరకు అవతల కూడా సొరంగాలున్నాయి. ఈసారి కోరాపుట్ దాకా వెళ్లమనండి.

కాఫీపూత (డిసెంబరు 25, రాత్రి)

అక్కా, పెద్దమ్మ మీ అమ్మాయి గురించి ఊరంతా చెబుతోంది. అడుగు తప్పిందట, అయినా చెయ్యి వదల్లేదట.

పూతకు రండి. మార్చి, ఏప్రిల్‌లో మొదటి వాన పడిన తొమ్మిది, పది రోజులకు తోటంతా ఒక్కసారి తెల్లగా విచ్చుకుంటుంది, మల్లెల వాసన వస్తుంది. మూడు నాలుగు రోజులే, తర్వాత రాలిపోతుంది. తారీఖు ముందే చెప్పలేను. వాన పడిన రోజు రాత్రే ఇక్కడ రాస్తాను. మీరు టికెట్లు చూసుకోండి.